నీళ్ళొదిలారా?

పోయేటప్పుడు తాళంచెవి నా చేతిలో పెట్టి
వజ్రమ్మొదిన చెప్పింది రెండే మాటలు:
కరివేపాకు చెట్టుకి బియ్యం కడిగిన నీళ్ళు,
డ్రమ్ముకి మాత్రం పంపు నీళ్ళు.
మాలకొండయ్యన్న ఆటోలో కూర్చుని
పాస్‌పోర్టు చొక్కాజేబులో ఉందో లేదో
మూడోసారి తడుముకుంటా ఉన్నాడు.

పన్నెండు రోజుల టూరు.
చీటీ పాడిన డబ్బు.
రేకులు తీసేసి స్లాబు పోస్తారనుకున్నాం మేమంతా.
"స్లాబు కింద పడుకుని చూసేదేముంది రమీజా,
అదే ఫ్యానే గదా" అంది వదిన.

అందుకే ఇప్పుడు
చీటీలో మిగిలిన పంతొమ్మిది మందిమీ
తలా కొంచెం రోములో ఉన్నాం.
యలమంద లారీ ఆఫీసులో కూర్చుని
వాళ్ళ ఫోటోలు వేళ్ళతో పెద్దవి చేసి
"నా ఇరవైవేలు ఆ మెట్లమీద నిలబడింది చూడు" అంటాడు.
ఎస్తేరు నైటు డ్యూటీ మధ్యలో మెసేజి పెడుతుంది,
"అన్నా, బీపీ మాత్ర. తెల్లది. సగం."
సింగరాయకొండలో వదిన వాళ్ళక్క
రాయడం రాదు గనక గొంతు పంపిస్తుంది.
తిన్నారా, ఏం తిన్నారు, అది అన్నమేనా,
గోంగూర సీసా పగల్లేదు గదా...
వెనకాల గూడ్సుబండి పోయేదాకా ఆగి
మళ్ళీ మొదట్నుంచీ
తిన్నారా, ఏం తిన్నారు.

వదిన అందరికీ జవాబిచ్చి
చివర్న నన్నడుగుతుంది.
పెద్ద చర్చి చూసొచ్చినా, పడవెక్కినా,
ఎవరో రాజు పడుకున్న మంచం చూసొచ్చినా
నీళ్ళొదిలారా రమీజా?

ఒంగోల్లో మా మంగమూరు రోడ్డు సందుకి
మూడ్రోజులకోసారి పంపు.
ఎప్పుడనేది వదిలేవాడికే తెలియదు.
ముందు గొట్టంలో గాలొస్తుంది
ముసలాయన గొంతు సవరించుకున్నట్టు.
ఆ చప్పుడుకే సందంతా లేస్తుంది.
ముప్పావుగంట. అంతే.
ఈ పద్దెనిమిదేళ్ళూ
రెండిళ్ళ మధ్య గోడమీద
ఒకటే ట్యూబు ఇటూ అటూ తిరిగింది.
నిద్రమొహాలతో మేం చెప్పుకున్న మాటలు
పగలు చెప్పుకున్నవాటికంటే ఎక్కువ.
పెద్దోడు కడుపులో పడ్డాడని
మా ఆయనకన్నా ముందు ఆమెకి చెప్పింది
ఆ గోడ దగ్గరే,
రెండో బిందె నిండేలోపు.

తొమ్మిదో రోజు వీడియో కాల్ చేసింది.
వీధి పక్కన ముక్కులా వంగిన ఇనప గొట్టం,
నీళ్ళు ధారగా పోతానే ఉన్నాయి.
కింద బిందె లేదు. బకెట్టు లేదు. మనిషి లేడు.
"కట్టేసే పిడే లేదు రమీజా,
చుట్టూ తిరిగి చూశాను.
పగలూ రాత్రీ ఇంతేనంట.
పద పద అంటాడు మీ అన్న,
నాకు కాళ్ళు రావడంలే."
ఒక చెయ్యి ధార కింద పెట్టి
ఇంకో చేత్తో ఇంకా తడుముతానే ఉంది.
దూరంగా గైడమ్మాయి జెండా ఊపుతోంది.
తాగొచ్చా అని అడిగాడు యలమంద.
వదిన తాగింది.
ఎట్టుందో చెప్పలేదు.

నిన్న తెల్లారుజామున మూడున్నరకి పంపొచ్చింది.
అక్కడ అర్ధరాత్రి.
ట్యూబు గోడమీదేసి, వాళ్ళ తాళం తీసి,
చీకట్లో డ్రమ్ము మూత వెతికి,
అంతా ఒక్కదాన్నే.
అటు పట్టుకునే చెయ్యి లేక
ట్యూబు రెండుసార్లు బయటికి దూకింది.
కుచ్చిళ్ళన్నీ తడిసినాయి.
తిట్టుకుంటా ఫోను తీసి
ఏమీ రాయకుండా, ఏమీ మాట్లాడకుండా
డ్రమ్ము నిండే చప్పుడు పంపాను.
ముందు ఖాళీ డొక్కు మోత,
తర్వాత బరువు,
తర్వాత గొంతుదాకా వచ్చి ఆగినట్టు.

నీలం గీతలు రెండూ వెంటనే పడినాయి.
నిద్రపోలేదన్నమాట.

ఏదో రాస్తున్నట్టు చూపిస్తా, ఆగిపోతా,
మళ్ళీ రాస్తున్నట్టు.
నేను ట్యూబు చుట్టేశాను. గేటేశాను.
పాల ప్యాకెట్ల బండి కూడా వచ్చిపోయింది.
అప్పుడొచ్చింది గొంతు,
పక్కన మనిషి లేవకుండా, గుసగుసగా:

"మూత పెట్టు. దోమలు."